నన్ను కూర్చోబెట్టి ఎంచిన పడవ

మా మేనమామ పోయాడు. నేను వాకిట్లో కూర్చుని చేటతో కొర్రలు చెరుగుతుంటే పక్కింటామె గోడ మీదుగా తల పెట్టి, "మేయ్, మీ మామ పిలిస్తే పలకడంల్యా, బిర్రన రా" అంది. చేట కింద పెట్టాలన్న ధ్యాస కూడా లేకుండా దాన్ని అట్లాగే చంకన పట్టుకుని పరుగెత్తాను. దారి పొడుగునా కొర్రలు రాలాయని తరువాత ఎవరో చెప్పారు. నేను పోయేసరికి ఆయన గోడ వైపు తిరిగి, అలిగిన పిల్లవాడి లాగా పడుకుని ఉన్నాడు. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. నిద్రేమో, నిద్రేమో అంటూ చాలాసేపు నేను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ముసలివాడే. కొన్నాళ్ళుగా జ్వరంతో మంచంలో ఉన్నవాడే. ఈ వయసులో పోక ఉంటాడా అని వచ్చినవాళ్ళంతా అన్నారు. మాట నిజమే. కానీ నా భయాలన్నీ విని, ఒక్కసారి కూడా ఎగతాళి చేయని మనిషి ఈ భూమి మీద ఆయన ఒక్కడే. ఆ సంగతి వచ్చిపోయేవాళ్ళకు చెప్పలేకపోయాను. చదివేవాళ్ళకైనా చెబుదామని రాస్తున్నాను.

మాది బద్వేలు దగ్గర చెరువు కింద పల్లె. మేము బెస్తవాళ్ళం. ఈ ఎండిన సీమలో బెస్తవాళ్ళేమిటని అడిగితే మామ ఒకటే మాట చెప్పేవాడు: "చెరువు నిండితే బెస్తోళ్ళం, ఎండితే కూలోళ్ళం."

మా నాయన పుట్టి మీద చేపలకు పోయేవాడు. పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లి, బర్రెతోలు కప్పిన గుండ్రటి బుట్ట. దానికి ముందూ ఉండదు, వెనకా ఉండదు. గాలి వస్తే గిర్రున తిరుగుతుంది. నా చిన్నతనంలో ఒక సాయంత్రం గాలి లేచింది. పుట్టి తిరుగుతూ తిరుగుతూ గట్టుకు వచ్చింది. నాయన రాలేదు. ఆ పుట్టి అల్లింది మా మామే. తేలికగా ఉండాలని నాయనే అడిగి అల్లించుకున్నాడు. మామను ఎవరూ ఏమీ అనలేదు, మా అమ్మ కూడా అనలేదు. అయినా ఆనాటి నుంచి ఆయన మళ్ళీ పుట్టి అల్లలేదు. వెదురు చీల్చే కత్తితో కంప కొట్టి అమ్ముకుంటూ మమ్మల్ని సాకాడు.

నాకు పెళ్ళయితే పెనిమిటి కూడా చెరువు మనిషే అయ్యాడు. పొద్దున్నే పుట్టిని నెత్తిన బోర్లించుకుని కట్ట వైపు పోయేవాడు. వెనక నుంచి చూస్తే మనిషి కనపడడు, పుట్టి కింద రెండు కాళ్ళు నడుస్తూ కనపడతాయి. ఆ కాళ్ళను చూసి నేను ఏడ్చేదాన్ని. పొయ్యి మీద సంగటి మాడిపోయేది. గాలి కొంచెం వీస్తే చాలు, కట్ట మీదికి పరుగెత్తేదాన్ని. ఊళ్ళో ఆడవాళ్ళు "గాలిదయ్యం పోతాండాది చూడండే" అని నవ్వేవాళ్ళు. చివరకు ఒకనాడు తెడ్డు తీసి గడ్డివామిలో దాచిపెట్టాను. ఇంట్లో పెద్ద రభస అయింది. మామ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమప్పా అల్లుడా, చెరువు మానుకుంటావా?"

"మానుకుని ఏం తినల్ల మామా? మీ పాప కన్నీళ్ళు తాగి బతకల్లనా?"

"ఏమ్మీ, నువ్వు ఏడ్చేది మానుకుంటావా?"

"నాతో కాదు మామా."

మామ కండువా దులుపుకుని లేచాడు. "ఇద్దరూ మానుకోరు. అట్లయితే మానుకోవాల్సింది పుట్టిని," అన్నాడు.

కర్నూలు నుంచి కడపకు వచ్చే కాలువ మీద పడవల రాకపోకలు తగ్గిపోతున్న రోజులవి. చిన్న పడవలు కొన్ని గట్ల మీద ఊరికే పడి ఉన్నాయని మామ ఎక్కడో విన్నాడు. బండి కట్టించాడు. నన్ను కూడా ఎక్కమన్నాడు. పడవ కొనడానికి ఆడమనిషి ఎందుకని నా పెనిమిటి గొణిగాడు. మామ వినిపించుకోలేదు.

కాలువ మీద పని చేసి మానుకున్న ఒక ముసలి సాయిబు మాకు మూడు పడవలు చూపించాడు. మూడింటికీ వెనక చుక్కాని, దాన్ని తిప్పే పొడుగాటి కొయ్యపిడి ఉన్నాయి. అట్లాంటివి మేము ఎన్నడూ చూడలేదు. మా సీమలో ఏది కొన్నా ఎద్దును కొన్నట్టే కొంటాము. మామ కూడా అట్లాగే వాటి చుట్టూ తిరిగాడు. పక్కలు చరిచాడు. వంగి కడుపు కింద చూశాడు. మొదటి పడవ దగ్గర ఆగి, పలకలో నల్లటి ముడి ఉన్నచోట వేలు పెట్టాడు.

"సాయిబూ, దీనికి ఈడ సుడి ఉండాది."

"సుడి ఏంది పెద్దాయనా? కొయ్యలో కన్ను అది."

"కన్నో సుడో, మా ఊర్లో ఆ చోట సుడి ఉండే ఎద్దును కొట్టంలోకి రానియ్యరు. యజమానికి ఆగదు, ప్రాణం మీదికి తెస్తాదంటారు."

"అట్లయితే నోరు తెరిపిస్తా, పండ్లు కూడా చూసుకో!" అని సాయిబు పకపకా నవ్వాడు. నా పెనిమిటి కూడా నవ్వాడు. మామ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. అది మంచి పడవేనేమో, నాకు తెలియదు. యజమానికి ఆగదన్న మాట విన్నాక నేను మళ్ళీ దాని వైపు చూడలేదు.

రెండోది సన్నగా, పొడుగ్గా, పచ్చరంగు పూసి పెళ్ళికొడుకు లాగా ఉంది. నా పెనిమిటి కళ్ళు దాని మీదే. అడిగిందే తడవుగా సాయిబు దాన్ని నీళ్ళలోకి తోయించాడు. నా పెనిమిటి వెనక కూర్చుని పిడి పట్టుకున్నాడు. ఎడమకు పోవాలని, ఎద్దు పగ్గం లాగినట్టు పిడిని ఎడమకు లాగాడు. పడవ కుడికి తిరిగింది. గాభరాపడి ఇంకా గట్టిగా లాగాడు. అది పోయి గట్టుకు ఢీకొని జమ్ములో ఇరుక్కుంది.

"ముక్కుతాడు కాదప్పా అది, తోక!" అని సాయిబు గట్టు మీద నుంచి కేక పెట్టాడు. "తోక ఆ పక్కకు తిప్పితే తల ఈ పక్కకు వస్తాది!"

మామ నా వైపు తిరిగాడు. "అమ్మీ, నువ్వు ఎక్కు."

"నేనా? నాతో కాదు మామా. నేను చస్తా."

"కొనేది ఎవరి కోసం? ధైర్యముండేవాడు దేంట్లోనైనా పోతాడు, వాణ్ని అడిగి ఏం లాభం? భయపడేవాళ్ళను అడగల్ల."

చెయ్యి పట్టుకుని పచ్చపడవలో కూర్చోబెట్టి తాను కూడా ఎక్కాడు. అది ఒక్కసారి పక్కకు ఒరిగింది. నేను కెవ్వుమని అరిచి ఆయన జుట్టుముడి పట్టుకున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నానో, ముడి ఊడి వెంట్రుకలు నా గుప్పిట్లోకి వచ్చాయి. "సరే, దిగు" అన్నాడు, అంతే.

మూడోది పొట్టిది. వెడల్పాటిది. అడుగు చదునుగా, కడుపు పెద్దగా ఉంది. ఎక్కితే, బర్రె మడుగులో కూర్చున్నట్టు నీళ్ళ మీద కూర్చుంది. మామ దాని అంచు మీద కాలు పెట్టి నొక్కాడు. అటూ ఇటూ ఊపాడు. నేను కళ్ళు మూసుకుని గంగమ్మను తలచుకుంటున్నాను.

"భయమవుతాండాదా?"

"అవుతాండాది మామా. అరిచేంత కాదు."

"సాయిబూ, ఇదే," అన్నాడు మామ.

నా పెనిమిటి మొహం మాడిపోయింది. "దీంట్లో నేను పోయేలోపల చేప ముసలిదై చస్తాది మామా."

"చేప చస్తే చావనీ. నువ్వు ఉంటావు గదప్పా."

బండి మీద పడవను బోర్లించి కట్టుకుని ఎండిన చేల మధ్య వస్తుంటే దారిలో ప్రతి ఊరివాళ్ళూ నిలబడి చూశారు. ఈడ నీళ్ళు యాడ చూసినారని అడిగారు. మా ఊళ్ళో దానికి బర్రె అనే పేరే స్థిరపడింది. బర్రె మేతకు పోయిందా, బర్రె ఇంటికి వచ్చిందా అని అడిగేవాళ్ళు. పుట్టిలో పోయేవాళ్ళ కంటే ఈయన తక్కువ చేపలు తెచ్చేవాడు. మామతో ఆ మాట అనని రోజు లేదు.

చెరువు ఎండిన ఏళ్ళలో ఆ పడవ కోసం మామ పడిన పాట్లు చూస్తే నవ్వూ వచ్చేది, జాలీ వేసేది. ఎండకు కొయ్య పగిలితే అతుకులు విడిపోతాయి. తాగడానికే బావి దగ్గర కొట్లాడుకునే రోజుల్లో పడవకు నీళ్ళు ఎవరు పోస్తారు? అందుకని ఆయన దాన్ని తుమ్మచెట్టు నీడకు లాగించి, అందులో కూర్చుని స్నానం చేసేవాడు. ఒళ్ళు కడుక్కున్న నీళ్ళు కొయ్య తాగేది. పోయేవాళ్ళు ఆగి, "ఏం పెద్దాయనా, పడవెక్కి ఏ ఊరికి పోతాండావు?" అనేవాళ్ళు. "వానకు ఎదురుపోతాండా, వస్తావా?" అనేవాడు వీపు రుద్దుకుంటూ.

వాన వచ్చింది. చెరువు నిండింది. అట్లా నిండిన ఒక ఏడు, నాయన పోయిన గాలి లాంటి గాలి మళ్ళీ లేచింది. నేను కట్ట మీదికి పోయేసరికే మామ నీళ్ళలో ఉన్నాడు. రొమ్ముల లోతు వరకు పోయి నిలబడ్డాడు. అలలు ఆయన మొహం మీద కొడుతున్నాయి. నేను అరుస్తూనే ఉన్నాను, ఏమని అరిచానో తెలియదు. ఎంతసేపటికో పడవ వచ్చింది. సగానికి నీళ్ళు. అయినా ఒరగలేదు, తిరగలేదు, బరువుగా, మెల్లగా వచ్చింది. నా పెనిమిటి రెండు చేతులతో పిడిని పొట్టకు అదుముకుని ఉన్నాడు. మామ పడవ ముక్కు పట్టుకున్నాడు. నేలకు తగిలాక కూడా వదలలేదు. మేమే ఆయన వేళ్ళు విడిపించాము.

"చేపలు యాడప్పా?" అన్నాడు, అదే మొదటి మాట.

"నీళ్ళు తోడిపోస్తా చేపలు కూడా పోసేసినా మామా."

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. ఆ తరువాత కంపచెట్ల వెనక్కి పోయి చాలాసేపు రాలేదు. మేమెవరమూ పిలవలేదు.

పలకలు మార్చుకుంటూ, గుగ్గిలం పూసుకుంటూ ఆ పడవను ఇన్నేళ్ళు లాక్కొచ్చాము. మేమూ ముసలివాళ్ళమయ్యాము. వద్దన్నా నా పెనిమిటి చెరువు మానలేదు. నేను భయపడడం మానలేదు. నా కళ్ళకు పొర కమ్మింది. దూరం ఆనదు. సాయంత్రాలు కట్ట మీద మామ నా పక్కన కూర్చునేవాడు. "వస్తాండాడా మామా?" అంటే చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "వస్తాండాడు. రెల్లు దాటినాడు" అనేవాడు. "ఇప్పుడో?" అంటే "గుండురాయి దగ్గర తిప్పుకున్నాడు" అనేవాడు. ఆ మాట వింటే నా గుండె కొట్టుకోవడం నిమ్మళించేది. పోయి పొయ్యి రాజేసుకునేదాన్ని.

జ్వరంలో ఉన్నప్పుడు ఒకనాడు జావ తాగిస్తూ ఉండబట్టలేక అనేశాను. "నువ్వు గూడా పోతే నాకు ఎవరు చూసి చెప్తారు మామా?"

ఆయన జావ మింగి, మూతి తుడిపించుకుని, నెమ్మదిగా అన్నాడు: "నాకు మాత్రం యాడ కనపడతాండాది అమ్మీ. నీ కంటే ముందే పోయినాయి నా కండ్లు. ఊరికే చెప్తాంటి."

నేను జావ గిన్నె కింద పెట్టాను. "మల్ల రెల్లు దాటినాడంటివి, గుండు దగ్గర తిప్పుకున్నాడంటివి..."

"దాటకుండా ఎట్ల వస్తాడు? వచ్చినాడు గదా రోజూ," అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంకొంచెం జావ అడిగాడు.

పెద్దదినం అయిపోయింది. చుట్టాలు పోయారు. నిన్న నా పెనిమిటి పడవ తీశాడు. పొద్దు వాలేసరికి నేను కట్ట మీదికి పోయి ఒక్కదాన్నే నిలబడ్డాను. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు చెదురుతున్నాయి. చాలా దూరంలో నల్లగా ఒక చుక్క కనపడింది. అదే అనుకున్నాను. వస్తాండాడు అని నాకు నేనే పైకి అనుకుని చూశాను, గొంతు నాదిలాగే ఉంది, నమ్మబుద్ధి కాలేదు. చుక్కను కళ్ళార్పకుండా చూస్తూ నిలబడ్డాను. చూస్తుండగానే అది మునిగింది. కట్ట రాయి పట్టుకున్నాను. కొంచెం అవతల తేలి, మెడ ఎత్తి, రెక్కలు విదిలించింది. నీటికాకి. నీటికాకే. మళ్ళీ నీళ్ళంతా వెదకడం మొదలుపెట్టాను.