ఇరవై మూడో వస్తువు

ఆ రోజుల్లో, అంటే డెబ్బైలలో, తిరువూరులో నేను నమ్మినవి రెండే: టైపు పరీక్ష పాసయినందుకు నాన్న కొనిపెట్టిన చేతి వాచీ, నేను స్వయంగా టైపు చేసిన జాబితా. మనుషుల సంగతి తరవాత చూసుకునేదాన్ని. (ఇప్పటికీ అంతే.) అప్పుడు మా ఊరి పెద్దలు కొందరు ఊరికి పుట్టినరోజు చేయాలని కమిటీ వేసుకున్నారు. ఊరి గుర్తులన్నీ రాగి పెట్టెలో పెట్టి పాతిపెడితే, నూరేళ్ల తరవాతి వాళ్లు తవ్వి చూసుకుంటారట. ఊరు పుట్టిన తేదీ ఎవరు రాసి ఉంచారని కమిటీకి పెద్దయిన పత్తిమిల్లు బాబాయిని అడిగాను. "ఊరిక్కూడా బర్త్ సర్టిఫికెట్టు కావాలా అమ్మాయ్?" అని నవ్వారు. జవాబు చెప్పకుండా నవ్వేవాళ్లను చూస్తే నాకు మొదటి నుంచీ అనుమానమే. అయినా ఊరుకున్నాను. జాబితా పని తప్పు లేకుండా చేస్తే మిల్లు ఆఫీసులో ఉద్యోగం ఇస్తానన్నది ఆయనే.

పత్తికాయ, వరికంకి, ఎండిన మామిడి టెంక, విజయవాడ బస్సు టికెట్టు, ఇలా మొత్తం ఇరవై ఒకటి టైపు చేశాను. పాతిపెట్టే రోజు ఉదయం తొమ్మిదీ ఇరవైకి, మూత అతికించే ముందు లెక్కపెడితే ఇరవై రెండు వచ్చాయి. మళ్లీ పెట్టాను. ఇరవై రెండే. బాబాయి తన ఫొటో దూర్చారా? కమిటీలోనే ఉన్న డ్రాయింగు మాస్టారు తన పద్యాలు దూర్చారా? ఇద్దరూ అటు తిరిగి నిలబడ్డారు. అదీ అనుమానమే.

"అన్నీ బయటికి తీయాలి," అన్నాను.

"అతిథి గారు బస్సు దిగారమ్మా, ఇప్పుడా నీ లెక్కలు?" అన్నారు బాబాయి.

రాగి అంచుకు గీసుకుంటుందని వాచీ విప్పి, రుమాల్లో చుట్టి బల్ల మీద పెట్టుకుని, ఒక్కొక్కటీ తీశాను. అడుగున చిన్న గుడ్డ మూట, అందులో నవధాన్యాలు.

"నేనేనండీ వేసింది," అన్నాడు గుంట తవ్విన మేస్త్రి. "భూమిలో ఏం పెట్టినా వేస్తాను. గుడికీ వేశాను, చర్చికీ వేశాను. ఇన్నేళ్లలో లెక్కపెట్టింది మీరొక్కరే."

మూట తీయనని మేస్త్రి, జాబితాలో లేనిది ఉండదని నేను. చివరికి జాబితా అడుగున ఇరవై రెండో అంకె వేసి, మూట పేరు రాసి, సంతకం పెట్టడానికి కూర్చున్నాను. తలెత్తకుండానే మేస్త్రికి చెప్పాను: "అన్నీ సర్దెయ్యండి. బల్ల మీద ఒక్కటి కూడా మిగలకూడదు."

జాబితా లోపల పెట్టాను, మూత అతికించారు, గుంట పూడ్చి పైన సిమెంటు వేశారు, అతిథి గారు మాట్లాడారు. జనం చప్పట్లు కొడుతుంటే మేస్త్రి నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు: "నన్నంటారు గానీ, మీరూ రుమాల్లో ఓ మూట తెచ్చుకున్నారుగా. నా మూట పక్కనే పెట్టానులెండి."

అప్పుడే బాబాయి వచ్చి, "లెక్క సరిపోయిందా అమ్మాయ్?" అని అడిగారు.

నా ఖాళీ మణికట్టును పైటలో దాచుకుని, "సరిపోయింది బాబాయ్," అన్నాను. ఉద్యోగం వచ్చింది. వాచీ ఏదమ్మా అని నాన్న అడిగితే, భద్రంగా ఉందన్నాను. ఆయన నమ్మలేదు (అనుమానం నాకు ఆయన నుంచే వచ్చింది). పాతిపెట్టిన రోజు ఉదయం ఆరింటికి దానికి కీ ఇచ్చాను, కీ ఇస్తే ముప్పై గంటలు నడిచేది. మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి మిల్లులో కూర్చుని, ఇప్పుడు ఆగి ఉంటుంది అనుకున్నాను.

ఆ పెట్టె తెరిచేనాటికి నేను ఉండను. జాబితాలో ఇరవై రెండు, పెట్టెలో ఇరవై మూడు. నాలాంటి పిల్ల ఒకతి రెండుసార్లు లెక్కపెట్టి, పక్కనున్న వాళ్లందరినీ వరసగా అనుమానిస్తుంది. అంత పొందికగా సంతకం పెట్టినావిడను మాత్రం అనుమానించదు. నేనైనా అనుమానించేదాన్ని కాదు.