అక్కకు పంపిన అరికాళ్లు

మా వరస గదుల చాల్‌లో అందరి అక్క పోయింది. ఆ కబురు కూడా ఆమె పెట్టిన ఫోను గ్రూపులోనే వచ్చింది. రోజూ పొద్దున ఏడింటికి ఆమె గొంతు వచ్చే చోట మంగళవారం ఆమె కొడుకు గొంతు వచ్చింది. "అమ్మ నిద్రలనే పోయింది." అంతే. ఫోను చెవికి ఆనించుకుని మూడుసార్లు విన్నాను.

ఏడుపు రాతలు నాకు చేతకావు. మేస్త్రీ పని చేసినవాణ్ణి, అక్షరాలు కూడబలుక్కుని రాస్తాను. అయినా ఆమె చేసిన పని ముంబై కామాఠిపురాలో ప్రతి గడపకూ తెలియాలి!

ఆమె దవాఖానలో పుండ్లకు కట్లు కట్టి రిటైరైంది. మా చాల్‌లో షుగర్ ఉన్న ముసలాళ్లం పన్నెండుగురం. అందరినీ ఒక గ్రూపులో వేసింది. మాలో చదువు వచ్చినవాళ్లు తక్కువ, కాబట్టి రాత లేదు, అంతా మాటే. "లేసిండ్రా? గోలీ ఏసుకున్నోళ్లు చెప్పుండ్రి. చాయ్‌ల చక్కెర ఏసుకున్నోళ్లు గూడ చెప్పుండ్రి, తిట్టాలె."

తినేముందు పళ్లెం ఫోటో పంపాలి. నేను తెలివిగలవాణ్ణి కదా! ఒకసారి జొన్నరొట్టె, తోటకూర ఫోటో తీసి, దాన్నే రోజూ పంపి, బయట బటాటా వడలు తిన్నాను. నాలుగో రోజు అందరూ వినేలా గ్రూపులో అన్నది: "తమ్మీ, నీ రొట్టె మీద ఈగ నాలుగు దినాల సంది ఆడనే కూసున్నది. దానికి గూడ షుగర్ చూపియ్యి, కదుల్తలేదు." గదుల ముందరి గ్యాలరీ ఈ చివర నుంచి ఆ చివరదాకా నవ్వులే. వారం రోజులు నన్ను ఈగ తాత అన్నారు.

తర్వాత ఇంకో హుకుం. ప్రతి ఆదివారం అరికాళ్ల ఫోటో పంపాలి. షుగర్ ఉన్న కాలికి దెబ్బ తగిలినా తెలియదట. ఇది మాత్రం నాకు నచ్చలేదు. పెద్దవాళ్ల వైపు కాళ్లు చాపితేనే మా అమ్మ వీపు మీద ఒక్కటిచ్చేది. అలాంటిది అక్క మొహానికి అరికాళ్లు చూపించాలా? నేను పంపలేదు.

ఆ ఎండాకాలం అమ్మవారి ఊరేగింపులో ఎప్పటిలాగే ఉత్త కాళ్లతో నడిచాను. తారు రోడ్డు పెనంలా కాలుతోంది. నాకేమీ అనిపించలేదు, అది నా భక్తి అనుకున్నాను. మరుసటి ఆదివారం గ్రూపులో అక్క గొంతు: "పదకొండు జతల కాళ్లొచ్చినయి. ఒక్కని కాళ్లు రాలె. వర్లికి నడుసుకుంట పోయినయా ఏంది?"

రోషమొచ్చి ఫోటో కొట్టి పంపాను. రెండు నిమిషాల్లో అక్క మా ఖోలీ గుమ్మం ముందు నిలబడింది.

"ఎడమ బొటనవేలి కింద నల్లగున్నదేంది?"

"తారు, అక్కా."

"తారైతే తుడువు."

తుడిచాను. పోలేదు. బొబ్బ పగిలి లోపల కుళ్లుతోంది.

"నొప్పే లేదు, గింత లొల్లి ఎందుకక్కా?"

"నొప్పి లేదనే నా లొల్లి! కాళ్లు కోసినంక కట్లు కట్టి కట్టి నా చేతులు అరిగినయి. ముందుగాల ఎందుకు పంపలె?"

"నీకు అరికాళ్లు చూపుడు మర్యాద కాదని..."

"నా మొఖానికి చూపు తమ్మీ. రంపానికి చూపకు."

ఆ పూటే దవాఖానకు లాక్కుపోయింది. ఇంకో వారం ఆగితే పాదమే తీసేవాళ్లమన్నాడు డాక్టరు. రెండు నెలలు రోజూ కట్టు ఫోటో పంపాను. మానింది! ఇప్పుడు ఈ కాలితోనే మూడంతస్తులు ఎక్కుతున్నాను. గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట మెత్తటి చెప్పులు తనే కొనిచ్చి, "ఇంట్ల గూడ ఇడువకు" అన్నది.

ఆమె పాడె ఎత్తేటప్పుడు అందరూ చెప్పులు విప్పారు. నేను విప్పలేదు.

"సిగ్గు లేదా ముసలోడా, చెప్పులిడువు" అన్నాడొక పెద్దమనిషి.

"ఇడువ. ఇడిస్తే లేసి తిడ్తది."

భుజం మార్చుకుంటూ వెనక్కి చూస్తే, మా గ్రూపు పదకొండుగురూ ఒకరినొకరు పట్టుకుని మళ్లీ చెప్పులు తొడుక్కుంటున్నారు.

నిన్న ఆదివారం. ఏడు దాటింది. ఫోను పలకలేదు. ఎవరూ మాట్లాడరేమని చూసి చూసి, నేనే నొక్కి చెప్పాను: "లేసిండ్రా? కాళ్లు పంపుండ్రి."

వచ్చాయి! ఒకటి వెనక ఒకటి, ఆగకుండా వచ్చాయి. గ్రూపు పేరు పక్కన పైన గుండ్రంగా, ముక్కుపుడకతో అక్క ఫోటో. కింద నావి కలిపి పన్నెండు జతల అరికాళ్లు, పగుళ్లవి, పసుపువి, మెట్టెలవి, అన్నీ ఆమె మొహం వైపే. ఒక్కదాని మీదా నలుపు లేదు.