వీధి దాటిన ఎండ గడియారం

మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. మూడో ఇంటి అట్టపెట్టెలమ్మకూ, లారీ నడిపే ఆమె మొగుడికీ మాటల్లేవట. ఆమె చేసిచ్చిన అట్ట గడియారాన్ని అతను మొహాన కొట్టాడట. ఆ బెంగతో ఆమె రోజూ డాబా ఎక్కి సూర్యుడితో మొరపెట్టుకుంటోందట. పక్కింటి సంగతి తెలియకపోతే నాకు ముద్ద దిగదు కాబట్టి, జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆమె చెప్పుల దుకాణాలకు పెట్టెలు చేస్తుంది. ముందుగది నిండా అట్టల దొంతరలు, జిగురు వాసన. ఆమె మడిచిన పెట్టెలో నీళ్లు పోస్తే అవి కూడా కాసేపు ఆలోచించుకునే కారతాయి.

పెట్టెల్లో పరిచే చిత్తు కాగితాల్లో ఒకరోజు ఆమెకు ఒక బొమ్మ కనిపించింది. పోస్టుకార్డంత అట్ట, దాని మీద వేలాడే దారం, చివర చిన్న బరువు, మధ్యలో జరిగే పూస. అట్ట అంచును సూర్యుడి వైపు పెట్టి, పైనున్న చిన్న మడత నీడ అంచు గీత మీద పడేదాకా వంచితే, పూస ఏ గంట గీత మీద నిలిస్తే అదే టైం. ఊళ్లు తిరిగే మొగుడి కోసం అలాంటిది చేసింది. మా డాబా మీద అది టైం చక్కగా చెప్పింది, నేనూ పట్టుకుని చూశాను. పొద్దున్నో సాయంత్రమో మాత్రం చెప్పదు. ఆ మాత్రం తెలివి మనకుండాలి.

అతను దాన్ని జేబులో పెట్టుకుని ఉత్తరాది చలి ఊళ్ల వైపు లోడు తీసుకెళ్లాడు. అక్కడ నీడ బాగా పొట్టిగా ఉన్న నడిమధ్యాహ్నం వేళ కూడా పూస పదకొండు దగ్గరే ఆగిపోయింది. తిరిగొచ్చి గుమ్మంలోనే అన్నాడు:

“నీ గడియారం మన వీధి దాటితే పనిచేయదే! ‘మీ ఆవిడకి ఇంకా వంట కాలేదేమో, పన్నెండు కానివ్వట్లేదు’ అని తోటి డ్రైవర్లు ఒకటే నవ్వు.”

మొహాన కొట్టలేదు. బల్ల మీద పెట్టాడు, అంతే. కానీ ఆమె మొహం చిన్నబోయింది.

“పోనీలేవే, ఆటబొమ్మే కదా,” అన్నాను.

“ఆటబొమ్మ కాదు పిన్నిగారూ, నా చేతి పని! వంకర పెట్టె ఒక్కటీ నా గడప దాటలేదు. ఇది దాటింది. సరిచేసేదాకా ఆయన చేతికివ్వను.”

తప్పు ఆమె అలవాటుది. బొమ్మలో పైన వలలాగా ఉన్న గీతలను, పెట్టె మూత మీద వేసే అలంకారం అనుకుని వదిలేసింది. దారాన్ని ఒకేచోట బిగించింది. పెట్టెలు చేసేవాళ్లకు ఏదీ ఊగకూడదు మరి! అందుకే అది మా వీధికి, ఆ నెలకి మాత్రమే సరిపోయింది.

ఆ కాగితం మళ్లీ తీసి బొమ్మ కింది రాత చదివాక తెలిసింది, కిటుకంతా ఆ వలలోనే ఉందని. అడ్డగీతలు ఊళ్లవి. భూమధ్యరేఖకు ఎంత దూరమైతే అంత పై గీత. ఏటవాలు గీతలు నెలలవి. ఉన్న ఊరి గీతా నెల గీతా కలిసేచోటి నుంచి దారం వేలాడాలి. ఆ దారాన్ని పక్కనున్న నెలల పట్టీ మీదికి లాగి పూసను సర్దాలి. చలి ఊళ్లలో సూర్యుడు కిందుగా తిరుగుతాడు కదా, దారం జరిగితేనే లెక్క కుదురుతుంది.

అగ్గిపెట్టె సొరుగులా పైకీ కిందికీ జారే పట్టీ ఒకటి, దాని మీద అటూ ఇటూ జరిగే చిన్న పట్టీ ఇంకొకటి అమర్చి, దారాన్ని ఆ చిన్నదానికి కట్టింది. జారాలి, కానీ దానంతటది జారిపోకూడదు. ఎన్ని మూతలు బిగించిన చెయ్యి అది! రోజూ డాబా ఎక్కి సరిచూసుకుంది. వీధివాళ్లు చూసిన మొర అదే. అయితే మా డాబా మీద నెగ్గితే చాలదు, ఆ చలి ఊళ్లోనే నెగ్గాలి. అతను మళ్లీ అటు బయల్దేరినప్పుడు చేతికిచ్చింది.

వారం గడిచింది. ఇక ఉండబట్టలేక మొహం మీదే అడిగేశాను: “ఏమే, మీ ఇద్దరికీ మాటల్లేవట, నిజమేనా?”

“మాటల్లేకపోవడమా!” అంది, అట్ట మడుస్తూనే. “ఊరు మారినప్పుడల్లా ‘ఇప్పుడు దారం ఏ గీత మీద పెట్టను’ అని ఫోనే పిన్నిగారూ, చెవి కందిపోయింది! నిన్న అక్కడ నడిమధ్యాహ్నం పూస పన్నెండు మీదే నిలిచిందట. నవ్వినవాళ్లంతా తమకూ చేసిపెట్టమంటున్నారట. చేస్తాను. వంట మాట ఎత్తినవాడికి మాత్రం అందరికంటే ఆఖర్న!”