జడలు కోసుకున్న మధ్యాహ్నం

అమలాపురంలో ఇంటర్ చదివేటప్పుడు నాకున్నది ఒక్కతే స్నేహితురాలు. వాళ్ళ నాన్నగారు బడిపంతులు. ఆదివారాలు చర్చిలో అది గిటారు వాయించేది. మాది ఉప్పలగుప్తం దగ్గర, వరీ కొబ్బరీ ఉన్న ఇల్లు. దాని గొంతు మోటు, నాకు నత్తి. క్లాసులో ఇద్దర్నీ వెక్కిరించేవారే గానీ పక్కన కూర్చునేవారు లేరు.

ఓడలో పనిచేసే వాళ్ళన్నయ్య సెలవుకి వస్తూ ఒక క్యాసెట్ తెచ్చేడు. పంక్ అంటారట ఆ పాటల్ని.

"పాడ్డం రాకపోయినా పర్లేదంట. కోపం ఉంటే చాలంట" అంది.

వాళ్ళ పెరట్లో కొబ్బరి డొక్కలు దాచే పాకలో కూర్చుని విన్నాం. ఇంగ్లీషు ముక్క అర్థం కాలేదు. అయినా ఎవరో నా తరఫున పోట్లాడుతున్నట్టనిపించి ఏడుపొచ్చింది. తర్వాత మేమే తెలుగులో రాసుకున్నాం, మమ్మల్ని వెక్కిరించినవాళ్ళ మీద, లెక్చరర్ల మీద. అది తీగలు బాదేది, నేను అరిచేదాన్ని. అరుస్తుంటే నత్తి వచ్చేది కాదు.

క్యాసెట్ అట్ట మీద పిల్లకి జుట్టు ముళ్ళలా నిలబడి ఉండేది. ఒక శనివారం మధ్యాహ్నం కత్తెర తెచ్చుకుని ఒకళ్ళ జడ ఒకళ్ళం కోసేసుకున్నాం. సబ్బు నురగ రాసి జుట్టు నిలబెట్టి, అద్దంలో చూసుకుని పడీపడీ నవ్వేం. అంత ధైర్యంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

ఇంటికెళ్ళేసరికి అమ్మ గడపలోనే కూలబడింది.

"ఎవరు కోసేరు?" అన్నారు నాన్నగారు.

"అదే కోసింది. వద్దన్నా వినలేదు."

ఒక్క అక్షరం తడబడలేదు.

మా పెదనాన్నగారు నలుగుర్ని వెంటేసుకుని వాళ్ళింటికి బయల్దేరేరు. సాక్ష్యానికి నన్నూ తీసుకెళ్ళేరు. మేష్టారు అరుగు దిగి చేతులు జోడించేరు.

"చిన్నపిల్లలండీ. తెలీక చేసేరండి."

"మా పిల్లకి తెలీకే. మీ పిల్లకి తెలుసు" అన్నారు పెదనాన్నగారు. "నాలుగక్షరాలు రాగానే మా ఇంటి ఆడపిల్లల మీద చెయ్యేసేంత వాళ్ళయ్యేరా?"

మేష్టారు దాన్ని బయటికి పిలిచేరు. "నువ్వే కోసేవా?"

అది నాకేసి చూసింది. నేను నేలకేసి చూసేను. "ఆయ్, నేనేనండి" అంది అది.

బళ్ళో ఏ పిల్లాడి మీదా చెయ్యెత్తని మనిషి, అందరి ముందూ దాని చెంప మీద కొట్టేరు. లోపలికెళ్ళి గిటారు తెచ్చి అరుగు అంచుకేసి బాదేరు. "చాలాండీ?" అన్నారు. పెదనాన్నగారు వెనక్కి తిరిగేరు. ఆయన వెనకే నేనూ.

దాన్ని కాలేజీ మానిపించి ఏలూరులో హాస్టల్లో వేసేరు. ఉత్తరాలు రాసేను. ఒక్కటీ పోస్టు చెయ్యలేదు.

పదేళ్ళ తర్వాత రాజోలులో ఒక ఆఫీసుకి పనిమీద వెళ్తే, కౌంటర్లో అదే కూర్చుని ఉంది. నున్నగా దువ్విన జడ.

"నే... నేను..." అన్నాను.

"గుర్తుపట్టేనండి. ఇక్కడ సంతకం పెట్టండి."

"ఇంకా వాయిస్తున్నావా?"

"లేదండి."

ఆ రోజు అబద్ధం చెప్పేనని ఒప్పుకుందామనుకున్నాను. మొదటి అక్షరం దగ్గరే నోరు బిగుసుకుపోయింది. అది ఓపిగ్గా, మర్యాదగా, ముక్కూమొహం తెలియనివాళ్ళకోసం ఆగినట్టు ఆగింది. నేను సంతకం పెట్టేను. కాగితం తీసుకుని, నా వెనకున్నాయన్ని రమ్మంది.