పేరున్న గ్లాసు

మాణిక్యం పిన్నికి ఇంగ్లీషులో రెండే ముక్కలు వచ్చు. ఒకటి యెస్ మేడం, రెండోది ఓకే మేడం. ఆ రెండింటితోనే దుబాయ్ బతుకంతా నెట్టుకొచ్చింది. ఇంటికి రాసేటప్పుడు అందరం దుబాయ్ అనేవాళ్ళమే గానీ, మేమున్నది రువైస్‌లో. అబుదాబీ దాటి ఎడారిలో పడి గంటల తరబడి పోతే వచ్చే కంపెనీ ఊరు అది. నో అనే మాట కూడా ఒకటుంది, అది కూడా నేర్చుకో పిన్నీ అని నేను మొత్తుకునేదాన్ని. పనోళ్ళకి ఆ మాటతో ఏం పనని నవ్వేసేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆవిడ నాకు సొంత పిన్నేమీ కాదు. మాదీ ఆవిడదీ కోనసీమలో ఒకే పేట, ఒకే చర్చి. నేను రువైస్ కంపెనీ ఆస్పత్రిలో నర్సుని. ఆవిడ నాకంటే ముందే, డెబ్భై ఏడులో, అబుదాబీలో ఒక అరబ్బుల ఇంటికి పనికి వచ్చింది. ఆ ఇంట్లో అందరూ నేల మీద కూర్చుని ఒకే పళ్ళెంలో తింటారు, పనివాళ్ళతో సహా. పిన్ని మాత్రం తన అన్నం వేరే గిన్నెలో పెట్టుకుని గోడవారకు పోయేది. వాళ్ళు సిగ్గు కాబోలనుకుని వదిలేశారు. ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్ళై ఆవిడతో అవసరం తీరాక, రువైస్‌లో ఒక అమెరికా జంటకి వంటమనిషి కావాలంటే నేనే మాట్లాడి పెట్టించాను. కాబట్టి తర్వాత నా పీకల మీదికి వచ్చినదంతా నేను చేజేతులా తెచ్చుకున్నదే.

ముందు గ్లాసు సంగతి చెప్పాలి. ఊళ్ళో పిన్ని పెద్దింట్లో పాచిపని చేసేది. పెద్దిల్లంటే పొలాలున్న కామందుల ఇల్లు. ఆ ఇంటి పశువులపాక చూరులో ఒక సొట్టల సత్తుగ్లాసు దోపి ఉండేది. దాహమేస్తే పిన్ని దాన్ని తనే తీసుకుని దూరంగా పట్టుకుని నిలబడాలి, ఇంటావిడ పైనుంచి నీళ్ళు పోస్తుంది. తాగి, కడిగి, మళ్ళీ చూరులో దోపాలి. పిన్ని కంటే ముందు వాళ్ళ అత్తగారు ఆ గ్లాసుతోనే తాగింది. మనిషి మారినా గ్లాసు మారలేదు. ఇదంతా పిన్ని ఏడుస్తూ చెప్పేది కాదు, మా ఊళ్ళో వానలెలా పడతాయో చెప్పినట్టు చెప్పేది.

అబుదాబీ నుంచి మొదటిసారి సెలవుకు వెళ్ళినప్పుడు అమలాపురంలో స్టీలు సామాన్ల కొట్టుకి పోయి ఒక గ్లాసు కొనుక్కుంది. పేరు కొట్టే అతను మీ ఆయన పేరేంటని అడిగితే, ఆయన పోయాడు, నా పేరే కొట్టు అందట. చుక్కలు చుక్కలుగా మాణిక్యం అని కొట్టించుకుని, తిరిగి వచ్చేటప్పుడు చీరల మధ్య పెట్టుకుని తెచ్చుకుంది. తన పేరున్న వస్తువు ఆవిడ బతుకులో అదొక్కటే. నీళ్ళైనా టీ అయినా అందులోనే.

అమెరికా వాళ్ళంటే పిన్ని తెల్లదొరల్ని ఊహించుకుంది. తలుపు తీసిన మేడమేమో మా పేటలో ఎవరి ఆడపడుచో అన్నట్టు నల్లగా, నిండుగా ఉంది. పేరు డెలోరిస్, కంపెనీ స్కూల్లో టీచరు. భర్త వాల్టర్ గారు రిఫైనరీలో ఇంజనీరు. ఇద్దరిదీ అలబామా రాష్ట్రంలో మాంట్‌గమరీ అనే ఊరు. "ఆళ్ళూ మనలాగే ఉన్నారమ్మా," అని పిన్ని మొదటి వారంలోనే నా క్వార్టర్సుకి వచ్చి, అదేదో రహస్యమైనట్టు గొంతు తగ్గించి చెప్పింది.

వాళ్ళ హాల్లో సూటు వేసుకున్న నల్లాయన ఫోటో ఒకటి ఉండేది. మేడం అన్నగారు కాబోలు, పాపం పోయాడు కాబోలు అనుకుంది పిన్ని. అంతే, ప్లాస్టిక్ గులాబీల దండ ఒకటి తెచ్చి వేసేసింది. మేడం స్కూలు నుంచి వచ్చి చూసి పకపకా నవ్వింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది. నేను వెళ్ళినప్పుడు అసలు సంగతి నాచేత చెప్పించింది. ఆయన అన్నగారు కాదు, కింగ్ అనే పాస్టరు. వాళ్ళ ఊరి బస్సుల్లో తెల్లవాళ్ళు ఎక్కితే నల్లవాళ్ళు లేచి సీటివ్వాలని రూలుండేదట. ఆ రూలు పోవాలని నల్లవాళ్ళందరూ ఏడాది పైగా బస్సెక్కడం మానేసి పనులకు నడిచారు. వాళ్ళ ముందు నిలబడింది ఆయన. తర్వాత కొన్నేళ్ళకి ఎవడో తుపాకీతో కాల్చి చంపాడు. అలా నడిచినవాళ్ళలో మేడం తల్లి కూడా ఉంది. పిన్ని అంతా విని, దండ తీసేయమంటారా అడుగు అంది. ఉంచమంది మేడం. ఆ శుక్రవారం మా ప్రార్థనలో పిన్ని ఆయన పెళ్ళాం బిడ్డల కోసం గట్టిగా ప్రార్థించింది.

మేడం ఆవిడని పనిమనిషిలా చూడలేదు. బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగమనేది. పిన్ని ఓకే మేడం అని, ఆ కాఫీని తీసుకెళ్ళి తన గ్లాసులో ఒంపుకుని, వంటింటి మూల నిలబడి తాగేది. కొన్నాళ్ళు చూసి చూసి, మా కప్పులు నీకు నచ్చవా అని మేడం ఆ గ్లాసు వైపు చూపిస్తూ అడిగింది. ఏమడిగిందో తెలియకపోయినా పిన్ని యెస్ మేడం అంది.

ఆ ఒక్క యెస్ ఎంత పని చేసిందో చూడండి. ఇండియా వాళ్ళకి తెలుపంటే మోజని, నలుపంటే చులకనని మేడం ఎక్కడో విని ఉంది. కంపెనీలో మనవాళ్ళు కొందరి చూపుల్లో కళ్ళారా చూసింది కూడా, ఆ మాట నేను కాదనలేను. నల్లవాళ్ళు తాగిన కప్పు ఈవిడ ముట్టదన్నమాట అని మనసు కష్టపెట్టుకుంది. పిన్నేమో, మనమెవరమో మేడానికి తెలిసిపోయింది, మన గ్లాసు వంటింట్లో ఉండటం నచ్చలేదు అనుకుని, దాన్ని తీసుకెళ్ళి పెరట్లో గ్యాస్ బండ పక్కన పెట్టింది. మేడం అదీ చూసింది. పిన్ని ఎంత ఒదిగితే మేడానికి అంత అవమానంగా ఉండేది. నాకు ఒక్క ముక్క చెప్పి ఉంటే అప్పుడే తేలిపోయేది, కానీ ఇద్దరూ నోరు విప్పలేదు.

ఎనభై మూడు నవంబరులో రేడియోలో కబురొచ్చింది. ఆ పాస్టరు పుట్టినరోజుని అమెరికా దేశమంతటికీ సెలవుగా చేస్తూ చట్టం అయ్యింది. ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా వచ్చిన సెలవు. ఆ శుక్రవారం మధ్యాహ్నం మేడం వాళ్ళు తమవాళ్ళు రెండు జంటల్ని భోజనానికి పిలిచారు. పిన్ని పొద్దున్నే లేచి కోళ్ళు వేయించింది, ఫోటో దండకి దుమ్ము దులిపింది.

ఆ మధ్యాహ్నం జరిగింది తర్వాత ఇద్దరూ చెప్పగా విన్నాను. మేడం అందరికీ గాజుగ్లాసుల్లో ద్రాక్షరసం పోసింది. పిన్నిని కూడా వంటింట్లోంచి పిలిచి, ఆ గ్లాసుల్లోనే ఒకటి నింపి చేతిలో పెట్టింది. వాళ్ళ పద్ధతిలో అందరూ గ్లాసులు పైకెత్తి, ఆయన పేరు తలుచుకుని, ఒకేసారి తాగాలి. అందరూ ఎత్తారు. పిన్ని తన గ్లాసుని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, ఓకే మేడం అని పెరట్లోకి పరుగెత్తి, స్టీలు గ్లాసు తెచ్చుకుని గుమ్మం అవతల నిలబడి చాపింది. అంత పెద్ద పండగలో తననీ కలుపుకున్నారని ఆవిడ మొహం వెలిగిపోతోందట. బల్ల దగ్గర ఎత్తిన గ్లాసులు దిగిపోయాయి. వచ్చినవాళ్ళలో ఒకావిడ, చివరికి ఇక్కడ కూడానా అని మెల్లగా అంది. ఆ ఇంగ్లీషు పిన్నికి అర్థం కాలేదు గానీ మేడం మొహం అర్థమైంది.

మర్నాడు పొద్దున మేడం ఆవిడకి తెలిసిన అరబ్బీ మాట ఒకటే అంది. ఖలాస్, అంటే ఇక అయిపోయింది.

పిన్ని నేరుగా ఆస్పత్రికి వచ్చింది. "ఖలాస్ అందమ్మా. నానేం తప్పు సేసేనో అడుగు. ఇంటికి పంపేత్తే మళ్ళీ నాకు ఆ సూరే గతి," అంది. అది నిజమే. వాల్టర్ గారే ఆవిడకి కఫీల్, వీసా ఆయన పూచీ మీద ఉంది. వాళ్ళు వద్దంటే విమానం ఎక్కాల్సిందే. ఎక్కి దిగితే ఊళ్ళో ఆవిడకి తెలిసిన పని ఒక్కటే, తెలిసిన ఇల్లు ఒక్కటే.

డ్యూటీ దిగి ఆవిడని వెంటబెట్టుకుని వెళ్ళాను. నాకు ఇద్దరి మీదా మంటగానే ఉంది. మేడం వంటింట్లో ఉంది. మమ్మల్ని కూర్చోమనలేదు.

"నేను తాగిన చోట తాగని వాళ్ళ మధ్యే పెరిగాను. నా ఇంట్లో, నేను పక్కన కూర్చోమన్న మనిషి దగ్గర కూడా అదే పడాలా?" అని నన్ను అడిగింది.

అప్పుడు గానీ నా మట్టిబుర్రకి తట్టలేదు. మీరు తిరగేసి అర్థం చేసుకున్నారు మేడం అని మొదలుపెట్టి, రెండో వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఎంగిలికి ఇంగ్లీషు లేదు. ఉమ్మి అందామంటే అది కాదు, మురికి అందామంటే అదీ కాదు. పెదవి తగిలిన గ్లాసు తోమినా ఎందుకు శుభ్రం కాదో, కొందరి పెదవి విషయంలోనే ఎందుకలాగో ఆ భాషలో ఎలా చెప్పను? ఆస్పత్రిలో నీదేంటని ఎవరైనా అడిగితే క్రిస్టియన్ని అని చెప్పి ఊరుకునేదాన్ని. ఆ రోజు ఊరుకుంటే కుదరదు. చూరు గురించి చెప్పాను, సత్తుగ్లాసు గురించి చెప్పాను. మాకు, అంటే ఆవిడకీ నాకూ, మా ఊళ్ళో పైనుంచే నీళ్ళు పోస్తారని చెప్పాను. మీరు తాగిన కప్పంటే ఆవిడకి రోత కాదు, తను తాగితే ఆ కప్పు ఇక మీకు పనికిరాదని ఆవిడ భయం అన్నాను. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సిగ్గేసింది, ఆ సిగ్గు నాకెందుకని కోపమూ వచ్చింది.

మేడం కుర్చీ లాక్కుని కూర్చుంది. తన తల్లి సంగతి చెప్పింది. ఆవిడ మాంట్‌గమరీలో తెల్లవాళ్ళ ఇంట్లో వంటమనిషి. ఆ ఇంట్లో సింకు కింద, సబ్బుల పక్కన, ఆవిడ తాగడానికి ఒక ఖాళీ జామ్ సీసా ఉండేది. బడి లేనప్పుడు తల్లితో వెళ్ళి ఈవిడా దాంతోనే తాగేది. బస్సుల రూలు పోయింది, ఓటు చట్టం వచ్చింది, పిల్లల్ని ఒకే స్కూల్లో కలిపారు. వాళ్ళమ్మ మాత్రం ఆ ఇంట్లో పని మానేసే దాకా ఆ సీసాతోనే తాగిందట. ఏ చట్టమూ సింకు కిందికి రాలేదంది మేడం.

"ఈవిడ నన్ను దూరం పెడుతోందనుకున్నాను. ఇన్నాళ్ళూ నా ఇంట్లో సీసా పెట్టిన దొరసానిని నేనే అయ్యానా, లీదియా?"

అది తెలుగులో చెబితే పిన్ని కంగారు పడింది. ఆయమ్మ పెట్టలేదు, నేనే పెట్టుకున్నానని చెప్పమంది. చెప్పాను. దాంతో మేడం మరీ ఏడ్చింది. ఏడ్చి, లేచి, విసవిసా పెరట్లోకి వెళ్ళి స్టీలు గ్లాసు తెచ్చింది. ఇది ఇక నా ఇంట్లో ఉండటానికి వీల్లేదంటూ చెత్తబుట్ట మూత తీసింది.

"నో మేడం."

అన్నదెవరా అని చూశాను. పిన్నే. మేడం చెయ్యి పట్టుకుని ఉంది. అంతకు ముందెప్పుడూ ఆవిడని ముట్టుకుని ఎరగదు.

"పారెయ్యొద్దని సెప్పమ్మా. అది సూరులో గ్లాసు కాదు. దాని మీద నా పేరుంది."

మేడం గ్లాసుని కిటికీ వెలుగులో తిప్పి చూసింది. చుక్కల మీద వేలు పెట్టి, ఇది ఏ అక్షరం, ఇది ఏ అక్షరం అని వరసగా అడిగింది. వాళ్ళమ్మ సీసా మీద జామ్ కంపెనీ కాగితమే తప్ప ఎవరి పేరూ ఉండేది కాదంది. గ్లాసుని కుళాయి కింద కడిగి, అలమర తీసి, గాజుగ్లాసుల్ని అటూ ఇటూ జరిపి మధ్యలో పెట్టింది. రేపటి నుంచి మామూలుగా పనికి రమ్మని చెప్పమంది.

అలమర తలుపు ఇంకా వెయ్యలేదు, వాల్టర్ గారు సైటు నుంచి వచ్చారు. ఇక్కడ జరిగిందేమీ ఆయనకి తెలియదు. అందరికీ ఒక హలో పారేసి, చేతికందిన గ్లాసు తీసుకున్నారు. అది స్టీలుది. ఫ్రిజ్జులో నీళ్ళు నింపుకుని, పెదవులానించి గటగటా తాగేశారు. పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అయ్యో నా ఎంగిలి గ్లాసు అని గొణిగింది. ఆయన, ఇందులో నీళ్ళు భలే చల్లగా ఉన్నాయే అని ఇంకోసారి నింపుకుని, ఆ గ్లాసుతోనే హాల్లోకి పోయి కూర్చున్నారు.

పొద్దుట్నుంచి పిన్ని మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఏడ్చి ఏడ్చి గొంతు ఎండిపోయి ఉంది. హాలు వైపు చూసింది. తన గ్లాసు ఆయన చేతిలో ఉంది. మేడం వైపు చూసింది. మేడం తాగమనలేదు, ఊరికే నిలబడింది. నేనూ నోరు కట్టేసుకున్నాను, నాకు అంతకంటే కష్టమైన పని లేదు. పిన్ని కొంగుతో చేతులు తుడుచుకుని, అలమరలోంచి ఒక గాజుగ్లాసు తీసుకుంది. నీళ్ళు పట్టుకుంది. అలవాటుగా ఎత్తి నోట్లో పోసుకోబోయి, ఆగి, దించి, అంచుకి పెదవులానించి మొత్తం తాగింది.

ఇంకా కావాలా అని మేడం అడిగింది.

"యెస్ మేడం," అంది పిన్ని.