పదిహేడు ఖాళీ గళ్లు

పోయినవి ముందు చెబుతాను. పదిహేడు రోజుల వరద. ఆ వరదలో కొట్టుకొచ్చిన జెల్ల చేప పిల్లలు, ఎన్నో తెలియదు. పంజాగుట్టలో రెండు గదుల ఆఫీసు. ఒక జాలరి మా మీద పెట్టుకున్న నమ్మకం. లెక్కలో తప్పు చేయనన్న నా గర్వం కూడా పోయింది కానీ, దాన్ని నష్టంలో కలపను.

సాఫ్ట్‌వేర్ ఊపు మీదున్న ఆ రోజుల్లో అమీర్‌పేటలో ప్రతి మెట్ల వరసకూ ఒక కోర్సు బోర్డు ఉండేది. ఫీజు కట్టలేక, జిరాక్స్ నోట్సు చూసి కంప్యూటర్‌లో లెక్కలు వేయడం నాకు నేనే నేర్చుకున్నాను. తర్వాత ఒక డేటా ఎంట్రీ గదిలో చేరాను. అక్కడ ఒకటే కట్టుబాటు: గడి ఖాళీగా వదిలితే తప్పు. కాగితం మీద ఏమీ లేకపోతే సున్నా కొట్టాలి. ఆరేళ్లలో ఒక్క గడి కూడా ఖాళీగా వదల్లేదు.

గోదావరి జెల్లల మీద పరిశోధన చేసే ఒక మేడం నన్ను వెతుక్కుంటూ వచ్చారు. కోస్తా మనిషి, పంజాగుట్టలో ఆఫీసు. ఆవిడే చెప్పారు: తొలి వరదకు పెద్ద జెల్లలు ఎదురీది పైకి పోయి గుడ్లు పెడతాయి. పుట్టిన పిల్లలకు ఈత చేతకాదు, ప్రవాహంతో పాటే రోజుల తరబడి కిందికి కొట్టుకొస్తాయి. దారిలో దోమతెర వలలు కడితే వాటి కథ అక్కడితో సరి. ఆ వలలు ఎప్పుడు ఆపించాలో అధికారులకు చెప్పాలంటే, పిల్లలు ఎప్పుడు ఎక్కువ వస్తాయో తేలాలి. అందుకని ఒక జాలరి రోజూ ఒకే చోట గంటసేపు సన్నవల వేసి, పడ్డ పిల్లల్ని లెక్కపెట్టి రాసేవాడు.

జులై నుంచి సెప్టెంబరు దాకా తొంభై రెండు కాగితాలు. డెబ్బై అయిదింటి మీద అంకెలున్నాయి, పదిహేడు ఖాళీ. పదిహేడు సున్నాలు కొట్టాను.

వరద రోజులు ఇరవై, సగటు ముప్పై మూడు. మామూలు రోజులు డెబ్బై రెండు, సగటు దాదాపు ముప్పై తొమ్మిది.

"వరదలో తక్కువా? ఇదేంటండీ?" అన్నారు మేడం.

"రెండుసార్లు చూశానండి."

"మీరు చూశారంటే ఇంకేముందిలెండి."

నివేదిక వెళ్లింది. ఉత్తర్వు వచ్చింది: మామూలు రోజుల్లో దోమతెర వలలు బంద్. వరద రోజుల్లో అభ్యంతరం లేదు.

మరుసటి ఏడు వానల్లో ఆ జాలరి పంజాగుట్ట ఆఫీసుకు వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. నివేదిక తెరిపించి, అంకెల మీద వేలు పెట్టాడు.

"గీ సున్నాలు ఎవలు పెట్టిండ్రే అన్నా?"

"నీ కాగితం ఖాళీగా ఉంది కదా."

"ఖాళీగనే ఉంటది! గా వరదల వల దించితే వల పోతది, ఎనక నేను సుత పోత. వల ఎయ్యకుండ ఒడ్డు మీద కూసొని సున్నా అని ఎట్ల రాస్త? నువ్వు ఏసీల కూసొని మస్తుగ రాసినవ్."

"మా గదిలో ఏసీ లేదు," అన్నాను.

"ఫ్యాను గాలికే గింత పని జేసినవా?" అన్నాడు. నవ్వలేదు. "గిప్పుడు వరదొస్తే అందరు దోమతెరలు కడుతున్నరు. ఏందిరా అంటే కాయితం సూపిస్తున్నరు. గా లెక్క నేనిచ్చిందేనంట."

ఆ సాయంత్రమే సున్నాలు తీసేసి మళ్లీ వేశాను. వరదలో నిజంగా వల దిగింది మూడు రోజులు. పడ్డవి ఆరు వందల అరవై. రోజుకు రెండు వందల ఇరవై. పిల్లలు దిగేవే ఆ రోజుల్లో.

మేడం సవరణ పంపారు. మూడు రోజుల లెక్క చాలదు, మళ్లీ కొలిచి రండి అని జవాబొచ్చింది. మళ్లీ కొలవడానికి ఆవిడ పరిశోధనకు ఇచ్చిన గడువూ డబ్బూ అయిపోయాయి. జాలరి మా కోసం మళ్లీ వల పట్టలేదు. ఆఫీసు ఖాళీ చేసే రోజు మేడం అన్నారు, "మీ కూడికల్లో తప్పు లేదండి. ఎందుకు ఖాళీగా ఉందని ఒక్క మాట అడగలేదు, అంతే. నేనూ అడగలేదు."

రెండు వందల ఇరవైని పదిహేడుతో హెచ్చవేయడం నాకు రాక కాదు. మూడు వేల ఏడు వందల నలభై. కానీ అది మళ్లీ ఒడ్డు మీద కూర్చుని రాసే అంకే అవుతుంది. ఆ షీటు ఇప్పటికీ నా దగ్గరుంది. ఉత్తర్వు మారలేదు. గళ్లు ఖాళీగానే ఉంచాను. నేనివ్వాల్సిన లెక్క ఇవాళ్టికీ పదిహేడు రోజులు.