చంద్రగిరిలో గంట మోగిన మధ్యాహ్నం

పదో తరగతి పరీక్షలు రాసేసిన వేసవిలో ఉన్నంత ధైర్యం మనిషికి మళ్ళీ ఎప్పుడూ ఉండదనుకుంటాను. ఆ రోజుల్లో నాకు తెలియనిది ఈ లోకంలో లేదని నా గట్టి నమ్మకం (ఫలితాలు ఇంకా రాలేదు మరి). సరిగ్గా అప్పుడే మా మేనత్త వడమాలపేటలోని మా ఇంటికొచ్చి, నన్నూ చెల్లెలినీ చంద్రగిరి కోటకు తీసుకుపోతానంది. నేను కోటను కళ్ళారా చూడబోవడం అదే మొదలు. తిరుపతిలో బస్సు మారేటప్పుడు అత్త నా జడ పట్టుకుని ఆపకపోయి ఉంటే, ఆ ఊపులో ఏ మద్రాసు బస్సో ఎక్కేసి ఉండేదాన్ని.

కొండకింద రాజమహల్ కనపడగానే పరుగు తీశాను. విజయనగరం పోగొట్టుకున్న రాజులు ఇక్కడే తలదాచుకున్నారనీ, తర్వాత గోల్కొండ వాళ్ళూ, ఆర్కాటు నవాబూ, హైదరాలీ వంతులవారీగా వచ్చి లాక్కున్నారనీ చెల్లెలికి గొంతు చించుకుని చెప్పాను. గోడకున్న ప్రతి బొక్కనూ ఫిరంగి గుండు దెబ్బేనని చూపించాను. ఒక గుండు దెబ్బలోంచి పావురం ఎగిరిపోయినా నేను తగ్గలేదు.

పన్నెండవుతుండగా గోడ నీడలో కూర్చుని, అత్త తిరుమల కొండల వైపు చెయ్యి చూపింది. "ఆ కాలంలో కొండమింద సామికి నైవేద్యమైతే గంట కొడతా ఉండ్రి. అది ఇని దోవలో ఇంకో గంట, దాన్ని ఇని ఇంకోటి. కడాకు ఈడికి ఇనపడినాకే రాజు అన్నం ముట్టేది."

నాకు ఒళ్ళు పులకరించింది. "అయితే మనం కూడా గంట ఇనే తిందాం అత్తా!" అనేశాను.

అత్త నా ముఖంలోకి చూసింది. "మాటంటే మాటేనా పాపా?"

"మాటే!"

అంతే, పులిహోర క్యారియర్ ఆమె ఒళ్ళోకి వెళ్ళిపోయింది. ఒంటిగంట అయింది. రెండయింది. కాకులు తప్ప ఏదీ మోగలేదు. ఆ మూత సందుల్లోంచి ఇంగువ వాసన మాత్రం ఏ అడ్డూ లేకుండా వస్తోంది. "అత్తా, సామి ఈ పొద్దు లేటుగా తింటాండాడేమో," అంది చెల్లెలు ఏడుపు గొంతుతో. అత్త కదల్లేదు. "రాజులు ఇట్లనే ఏడిసినారా? అక్క మాటిచ్చింది గదా, ఉండు."

ఆ అక్కకు కళ్ళు తిరుగుతున్నాయి. గోడ అవతల చూసొస్తానని లేచి వెళ్ళాను. అక్కడ ఒక అవ్వ మేకలు మేపుతోంది. అందులో ఒక నల్ల మేక మెడలో గంట! నాకు దేవుడే కనపడినట్టయింది.

"అవ్వా, ఆ గంట ఒక్క నిమిషం ఇస్తావా?"

"ఇప్పితే అది నా మాట ఇనదు. కావాలంటే నువ్వే పట్టుకోని ఆడించుకో పో."

రెండు రౌండ్లు పరుగెత్తించి, లంగా చింపుకుని, మొత్తానికి మేక మెడ పట్టుకున్నాను. గంటను నా బలంకొద్దీ ఊపాను. ణంగుణంగుమని మోగింది. వెంటనే మేక కూడా కోటంతా అదిరేలా "మ్మే" అంది. లంగా చిరుగు మడిచి పట్టుకుని, ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చాను.

అత్త రెండు చేతులూ ఎత్తి కొండకు దండం పెడుతోంది. "ఇనపడినాది పాపా! ఇంటివా?"

"ఇన్నా అత్తా!"

"గంట తరవాత మేక అరిసినట్టుందే?" అంది చెల్లెలు.

"కొండమింద మేకలుండవా? తిను," అంటూ అత్త మూత తీసింది.

దేవుడి పేరు చెప్పి అబద్ధమాడానన్న భయం నన్ను పీకుతూనే ఉంది. పీకుతుండగానే మూడుసార్లు పెట్టించుకుని తిన్నాను. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అత్త ఏ పెళ్ళికి పోయినా, ఏ పేరంటానికి పోయినా, చంద్రగిరిలో తనకు స్వామి గంట వినపడిన సంగతి చెప్పుకునేది. నేను తల వంచుకుని పక్కకు తప్పుకునేదాన్ని.

తిరుపతిలో ఉద్యోగంలో చేరాక ఒకరోజు ఇక ఆగలేక, ఆమె చేతులు పట్టుకుని మేక సంగతంతా చెప్పేశాను. అత్త వక్క నములుతూ తీరిగ్గా వింది.

"తెలుసులేమ్మా. గోడ సందులోంచి నిన్ను సూస్తానే ఉండా. ఆ మేక నీకు ఇంకొంచేపు సిక్కకపోయింటే, నేనే లేసొచ్చి పట్టిస్తా ఉంటి. నాకు మాత్రం ఆకలెయ్యదా?"

అన్నేళ్ళూ అత్తను నమ్మించానన్న పాపభారంతో తిరిగిన ఆ తెలివిగల పిల్లను తలుచుకుంటే, ఇప్పటికీ దగ్గరికి తీసుకుని తల నిమరాలనిపిస్తుంది.